ఊరికే నేర్పమన్నారు

ముందు దోషులెవరో తేల్చేద్దాం. కథ తర్వాత.

పెద్ద హోటల్లో చల్లటి గదిలో నిలబడి, తెర మీద రంగురంగుల బాణాలు గీసి, "మానవ వనరుల్ని వ్యాపార లక్ష్యాలతో అనుసంధానం చెయ్యాలి" అని గొంతు సవరించుకున్న కోటు పెద్దమనిషీ, మొదటి దోషివి నువ్వు. ఆ బాణాలకి తలాడించి, కడుపునిండా తిని, వాళ్ళిచ్చిన సంచీ చంకలో పెట్టుకుని తిరిగొచ్చిన పరుపుల కంపెనీ యజమానీ, రెండో దోషివి నువ్వు. బొగ్గు ఒక వనరు. నీళ్ళు ఒక వనరు. ఎందుకు తవ్వుతున్నామో బొగ్గుకి చెప్పక్కర్లేదు. ఎందుకు తోడుతున్నామో నీళ్ళకి చెప్పక్కర్లేదు. మనిషికి చెప్పాలి. మీరు చెప్పలేదు. మీరు నోరు విప్పకపోబట్టే ఒక కంపెనీ మొత్తం వారం పాటు తలకిందులుగా నిలబడింది. ఒక కూతురు, తల్లి ఎదుట ఉండాల్సిన రోజుకి ఉండగలనో లేదో తెలియక గోళ్ళు కొరుక్కుంది. వినండి మీ నిర్వాకం.

ఆ సోమవారం పొద్దున హెచ్చార్ మేడం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకి వెళ్ళడం, యజమాని మొహం కాస్త తెరిపిన ఉన్నప్పుడు చూసి సెలవు అడగడం. అంతే. ఆమె తల్లికి రెండో కంటి ఆపరేషను వచ్చే వారం. మొదటి కంటికి చేసినప్పుడు మేడంకి సెలవు దొరకలేదు. కట్టు విప్పగానే ఆ తల్లికి మొట్టమొదట కనిపించింది వార్డులో మంచాలు తోసే మనిషి మీసం. "ఇన్నాళ్ళకి చూపొస్తే చూసిందేంటి? ఓ మీసం!" అని అప్పట్నించీ దెప్పుతూనే ఉంది.

"ఈసారి నువ్వు ఎదురుగా లేకపోతే కట్టు విప్పనివ్వను" అంది ఫోన్లో. "అలాగే కూర్చుంటా. ఒంటికన్నుతోనే బతుకుతా. చెప్పుకో నలుగురికీ, మా అమ్మ కంటి మీద కట్టు నా కంపెనీ కట్టిందని."

"వస్తానమ్మా. ఇవాళే అడుగుతా."

"పోయినసారి కూడా ఇవాళే అడిగావు."

కారియరు మూత బిగిస్తూ మొగుడు కూడా అదే మాట అన్నాడు. "పోయినసారి కూడా ఇవాళే అడిగావుగా."

"మీరూ మా అమ్మా కలిసి రిహార్సల్ వేసుకుంటారా ఏంటి?" అని విసుక్కుని మేడం బయల్దేరింది.

కంపెనీలో యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆ పొద్దున ఆయన మొహం తెరిపిన ఉండటం కాదు, వెలిగిపోతోంది. అంతకు ముందురోజే సెమినారు నుంచి దిగాడు.

"సెలవా?" అని కుర్చీలో ముందుకి వంగాడు. "నువ్వు లేకపోతే కంపెనీ ఏమైపోవాలమ్మా? అదుగో, అదే! అదే చెప్పారు అక్కడ! ఏ కుర్చీ ఖాళీ అయినా వ్యాపారం ఆగకూడదట. మన లక్ష్యమేంటి? శనివారానికి హోటలాయన ఆర్డరిచ్చిన పరుపులన్నీ లారీ ఎక్కాలి. ఈలోగా ఎవడికో జ్వరమొచ్చిందనుకో, మన గతి? ప్రతి పనికీ రెండో మనిషి తయారుగా ఉండాలి. ఆ పని నువ్వు చేసి చూపించు. శనివారం లారీ గేటు దాటితే నీ సెలవు నీది. దాటకపోతే మాత్రం నన్నడక్కు."

"సరే సార్. అందర్నీ పిలిచి, ఎందుకు చేస్తున్నామో చెప్పి మొదలుపెడతా."

"చెప్పేస్తే ఇంక వ్యూహమేంటమ్మా? వ్యూహమంటే రహస్యం. చెబితే ప్రతివాడూ ఓ సలహా ఇస్తాడు."

"మరి ఎందుకని అడిగితే?"

"ఊరికే అను."

ఇక్కడ ఆ కంపెనీ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. అక్కడ ఎవర్నీ మొహం మీద వెళ్ళిపొమ్మన్న చరిత్ర లేదు. పెద్దాయనకి మొహమాటం మహా ఎక్కువ. ఎవర్నైనా వదిలించుకోవాలంటే, భుజం మీద చెయ్యేసి, "నీ పని కాస్త వీడికి నేర్పించవోయ్" అనేవాడు. ఎందుకండీ అంటే "ఊరికే" అనేవాడు. కొన్నాళ్ళకి నేర్చుకున్నవాడు కుర్చీలో ఉండేవాడు, నేర్పినవాడు ఇంటి అరుగు మీద ఉండేవాడు. పాత స్టోర్‌కీపరు అలాగే వెళ్ళాడు. పాత డ్రైవరు అలాగే వెళ్ళాడు. ఈ సంగతి పనివాళ్ళకి తెలుసు, షెడ్డు గోడలకి తెలుసు. మేడంకి తెలియదు. ఆమె చేరాక ఎవరూ పోలేదు. ఇక పెద్దాయన అంటారా, ఆయన అదంతా శుభ్రంగా మర్చిపోయాడు. మెడ మీద కత్తి పెట్టిన చేతికి అవేం గుర్తుంటాయి?

మేడం నేరుగా షెడ్డులోకి వెళ్ళింది. వరసగా సూదులున్న పెద్ద కుట్టు మిషను దగ్గర సూది మామ ఉన్నాడు. పరుపు గుడ్డ మీద పువ్వులు కుట్టేది ఆయనే. అందరికీ మామే, పిల్లనివ్వనివాళ్ళకి కూడా.

"మామా, మీ పని మన కత్తి కుర్రాడికి కాస్త నేర్పించండి."

మిషను ఆగింది. "ఎందుకమ్మా?"

మేడం నవ్వు మొహం పెట్టింది. "ఊరికే మామా."

మామ మొహం అక్కడికక్కడే వాడిపోయింది. మేడం అది చూడలేదు. అప్పటికే ఆమె ఫోము కోసే మిషను వైపు నడుస్తోంది. దాని దగ్గరుండే కుర్రాణ్ణి కత్తి అంటారు. పని వల్ల కొంత, నోటి వల్ల కొంత. అతని పని ప్యాకింగ్ అక్కకి నేర్పమంది. ప్యాకింగ్ అక్క పని సూది మామకి నేర్పమంది. ముగ్గురు మనుషులు, మూడు పనులు, గుండ్రంగా సరిపోయింది. ఎంత తేలికగా అయిపోయిందీ అనుకుంటూ తన గదికి వెళ్ళి అమ్మకి ఫోన్ చేసింది. "టికెట్టు కొనేస్తున్నా."

ఇక్కడ షెడ్డులో ఏడుపొకటే తక్కువ.

"నా పొట్ట కొట్టడానికి నువ్వే దొరికావురా వాళ్ళకి?" అన్నాడు మామ, కత్తి వైపు తిరక్కుండా.

"నా పొట్ట ఆల్రెడీ అక్క చేతిలో ఉంది మామా. నన్నెందుకు తిడతావు?"

"నేనేం చేశాన్రా తమ్ముడూ?" అని అక్క ముక్కు తుడుచుకుంది. "ఇన్నేళ్ళు నేను అంటించిన కవరు ఒక్కటైనా ఊడిందా? నా పని తీసుకెళ్ళి మామకిస్తారా? ఆయనకి కవరు కనపడదు, కవరు అంచు అసలు కనపడదు."

"నాకు బానే కనపడుతుంది" అన్నాడు మామ. "ఎవరు ఎవర్ని పీకుతున్నారో కూడా కనపడుతోంది."

ముగ్గురూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని నిలబడ్డట్టయింది. వదిలినా తనే పోతాడు, బిగించినా తనే పోతాడు.

అప్పుడు మొదలైంది చదువు. మామ కత్తికి అన్నీ నేర్పాడు, దారం ఎక్కించడం తప్ప. పైగా గుడ్డ తిరగేసి పెట్టడమే పద్ధతన్నాడు. కత్తి అక్కకి ఫోము కొలవడం నేర్పాడు, టేపు ఎటునుంచి పట్టుకోవాలో తప్ప. అక్క మామకి కవరు వేడిచేసి అతికించడం నేర్పింది, వేడి ఎంత పెట్టాలో తప్ప. ఎవడి గుట్టు వాడు గుప్పిట్లో దాచాడు. ఆ వారం తయారైన పరుపుల్లో పువ్వులు లోపలికీ, దారపు ముళ్ళు పైకీ వచ్చాయి. పొడవు తగ్గింది. కవర్లు కరిగి పరుపుకి చర్మంలా అంటుకుపోయాయి.

అయితే ఇంకో సంగతి కూడా జరిగింది, అది అప్పుడెవరికీ తెలియలేదు. నా పని ఎలాగూ పోతోంది, కనీసం పక్కవాడి పనైనా చేతికొస్తే ఏ మూలో బతికిపోతాం కదా అని ముగ్గురికీ అనిపించింది. నేర్పేటప్పుడు మూగవాళ్ళు, నేర్చుకునేటప్పుడు దొంగలు. మామ టీకి లేచాడో లేదో, కత్తి మిషను మూత తీసి లోపలికి తొంగిచూసేవాడు. కత్తి బీడీకి వెళ్ళాడో లేదో, అక్క టేపు తీసేది.

మధ్యలో అక్కకి ఓ ఆలోచన తట్టింది. పరుపుల మీద అంటించే చీటీల మీద హోటలాయన నంబరుంది కదా! గోదాము వెనక్కి వెళ్ళి ఫోన్ చేసింది.

"అయ్యా, మీ హోటల్లో దుప్పట్లు మడతపెట్టే పనేమైనా ఉందా? మా వాళ్ళకి చెప్పకండి, మీకు పుణ్యముంటుంది."

మర్నాడు కత్తి చేశాడు. "సార్, ఫోము కోస్తాను. ఉల్లిపాయలు కూడా కోస్తాను. ఎవరికీ చెప్పకండి." ఆ సాయంత్రమే మామ. "బాబూ, గేటు దగ్గర కుర్చీ ఏదైనా ఖాళీ ఉందా? కూర్చోవడంలో నాకు మంచి అనుభవం ఉంది."

హోటలాయనకి చెమట్లు పట్టాయి. పరుపులింకా రాలేదు, పరుపులు చేసేవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే వచ్చేస్తున్నారు. కంపెనీ మూసేస్తున్నారన్నమాట! గదులు సిద్ధం, అతిథులు సిద్ధం, పడుకోవడానికి నేల. శనివారం నేనే వచ్చి చూస్తానని పెద్దాయనకి కబురు పెట్టాడు.

దానికి ముందే మేడం ఇంకో ఘనకార్యం చేసింది. ఏ కుర్చీ ఖాళీ అయినా అన్నారు కదా, మరి పెద్దాయన కుర్చీ? వెళ్ళి అడిగింది. ఆయన ఫోన్లో ఉండి, చెయ్యి ఊపుతూ, "మా ఆవిడకి చెప్పు, నేర్చుకుంటుంది" అన్నాడు. మేడం అమ్మగారికి ఫోన్ కొట్టింది.

"అమ్మగారూ, సార్ పని మీరు కాస్త నేర్చుకోవాలట."

అటువైపు గిన్నె కింద పడిన చప్పుడు. "నేనా? ఎందుకు? ఆయనకేమయింది?"

"అబ్బే, ఏం కాలేదండీ." మేడంకి రహస్యం గుర్తొచ్చింది. "ఊరికే."

మొగుడు "ఊరికే" అంటే ఏంటో అమ్మగారికి పెళ్ళయినప్పట్నించీ తెలుసు. ఆమెకి ఒక్కసారిగా అన్నీ ముడిపడినట్టు తోచాయి. ఈమధ్య పొద్దున్నే నడుస్తున్నారు. టీలో పంచదార వద్దంటున్నారు. నిన్న పాత ఫోటోలు తీసి చూస్తున్నారు. (సెమినారులో కోటు పెద్దమనిషి ఆరోగ్యం గురించి కూడా రెండు బాణాలు గీశాడు, ఫోటోలు ఇన్సూరెన్సు కాగితాల కోసం వెతుకుతుంటే బయటపడ్డాయి.) అడిగితే ఆయన బాధపడతారని అడగలేదు. ఆ రాత్రి భోజనం దగ్గర పెద్దాయన ఉప్పు అందుకోబోయి, అలవాటుగా ఆమె వైపు భయంగా చూశాడు.

"వేసుకోండి" అంది ఆమె, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "ఎంత కావాలంటే అంత వేసుకోండి."

పెద్దాయన చేతిలో చెంచా ఆగిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఉప్పు విషయంలో ఆమె మెత్తబడటం అదే మొదటిసారి. డాక్టరు తన ఆరోగ్యం గురించి తనకి చెప్పకుండా ఈవిడకేదో చెప్పాడు. అంతే, ఇంకేముంటుంది? ఆయన కూడా అడగలేదు. అడిగితే ఆవిడ ఏడుస్తుందని.

చూశారా? మాట దాచడం ఒక్క షెడ్డులో ఆగుతుందా?

శనివారం వచ్చింది. హోటలాయన లోపలికొస్తూనే షెడ్డు మధ్యలో వేసిన కొత్త పరుపు మీద పడుకున్నాడు. మోకాళ్ళ కింద నుంచి కాళ్ళు పరుపు దాటి బయటికొచ్చాయి. వీపు గీరుకుంటూ లేచి కూర్చున్నాడు.

"ఏవండీ, మా హోటల్‌కి వచ్చేవాళ్ళకి కాళ్ళుంటాయండీ."

పెద్దాయన మేడం వైపు చూశాడు. మేడం మామ వైపు చూసింది. మామ మిషను ఆపేసి, వచ్చి వచ్చి ఆ పొట్టి పరుపు మీదే చతికిలబడ్డాడు. పక్కన కత్తి. పక్కన అక్క. ఒక్కొక్కరే మిగతా పనివాళ్ళందరూ వచ్చి కూర్చున్నారు. షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి.

"మమ్మల్ని తీసేస్తే తీసేశామని చెప్పండి" అన్నాడు మామ. "అంతేగానీ మా చేతుల్తో మా గొయ్యి తవ్వించకండి. చెప్పేదాకా లేవం."

"తీసేస్తున్నామా? ఎవరు చెప్పారు?" అంది మేడం.

"మీరే చెప్పారు, ఊరికే నేర్పమని!"

ఇంతలో గేటు దగ్గర కారు ఆగింది. ఇంక మనసులో దాచుకోలేక అమ్మగారు ఏడుస్తూ దిగింది. వెనకాల ఆమె తమ్ముడు, ఉతికిన తెల్లచొక్కాలో, మొహం నిండా సంతాపం పులుముకుని దిగాడు. వస్తూనే బావ గదిలోకి తొంగిచూసి, ఆ కుర్చీ తిరుగుతుందో లేదో ఒకసారి కూర్చుని చూసుకున్నాడు. తిరిగింది.

"ఏమండీ! నాకెందుకు చెప్పలేదండీ!" అని అమ్మగారు షెడ్డు దద్దరిల్లేలా ఏడ్చింది.

పెద్దాయనకి ఇంక అనుమానం లేదు. "నాకింకా ఎంత టైముందని చెప్పాడే డాక్టరు నీకు?" అని, దొరికిన పరుపు మీద అడ్డంగా పడుకుండిపోయాడు. అది మంచి పరుపే, సోమవారానికి ముందు కుట్టింది.

"ఏ డాక్టరు? మీరేగా ఈ అమ్మాయితో చెప్పించారు, నా పని నేర్చుకో, ఊరికే అని!"

పనివాళ్ళు, అమ్మగారు, హోటలాయన, పడుకున్న పెద్దాయన, అందరూ ఒకేసారి మేడం వైపు తిరిగారు. మేడంకి వారం నించీ గొంతులో బిగపట్టుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది.

"ఎవరూ పోవట్లేదు!" అని అరిచింది. "ఎవరూ చావట్లేదు! పోవాల్సింది నేను! మా అమ్మ కంటి కట్టు విప్పుతారు. నేను ఎదురుగా లేకపోతే విప్పించుకోనంది. సెలవడిగాను. ప్రతి పనికీ రెండో మనిషి ఉంటే, శనివారం లారీ కదిలితే ఇస్తానన్నారు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు చెయ్యాలని, అంతే! ఎందుకో చెప్పొద్దన్నారు. నేనూ చెప్పలేదు. తప్పు నాదే. బుద్ధి లేకపోయింది!"

అక్క మెల్లగా అంది. "అయితే మమ్మల్ని తియ్యట్లేదా?"

"తియ్యట్లేదు."

"నేను పోవట్లేదా?" అన్నాడు పెద్దాయన పరుపు మీంచి.

"మీరు బండరాయిలా ఉన్నారు" అంది అమ్మగారు. ఏడుపు ఆగిపోయింది, కోపం మొదలైంది. "ఇంటికి రండి, ఉప్పు సంగతి చెబుతా."

మామ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ ఏడ్చాడు. ఆ తర్వాత కత్తి నవ్వాడు, షెడ్డంతా నవ్వింది. ఊపిరి వదిలినట్టు ఆ రేకుల కప్పు కూడా కాస్త పైకి లేచిందనిపించింది. ఒక్క హోటలాయన మాత్రం నవ్వలేదు.

"అంతా బానే ఉందిగానీ, నా పరుపులు?"

పాడైనవి విప్పి మళ్ళీ కుట్టాలి. సాయంత్రంలోగా. మామ లేవబోయాడు, మోకాళ్ళు సహకరించలేదు. కత్తి ఒక్క గెంతులో మిషను దగ్గరికెళ్ళి, వరసగా సూదులన్నిటికీ దారం ఎక్కించి, మీట నొక్కాడు. గుడ్డ మీద పువ్వులు పైకి వచ్చాయి.

"ఒరేయ్! దారం ఎక్కించడం నేను నీకు చెప్పలేదు కదరా!"

"చెప్పలేదు మామా. నువ్వు టీకెళ్ళినప్పుడు చూశా."

"దొంగ వెధవా!" అని మామ ఆనందంగా తిట్టాడు. అటు చూస్తే అక్క ఫోము సరైన పొడవుకి కోస్తోంది. ఇక మామ కూర్చున్న చోటే కవరు అంచు అతికించాడు. కరగలేదు. అక్క కోపంగా చూసింది. "వేడి ఎంతో నీకెవరు చెప్పారు?"

"నీ మొహం చూస్తే తెలిసిందే. వేడి ఎక్కువైతే ఓరకంట నవ్వేదానివి."

అమ్మగారు పైట బిగించి పెద్దాయన గదిలోకి వెళ్ళింది. "ఒరేయ్ తమ్ముడూ, కుర్చీ దిగు. వెళ్ళి పరుపులు మొయ్యి." ఆమె ఆ కుర్చీలో కూర్చుని, లారీ వాణ్ణి పిలిచి, ఏది ముందు ఎక్కించాలో చెప్పి, హోటలాయనకి టీ పంపించి, మిగిలిన గదులకి కూడా పరుపులు కావాలేమో కనుక్కుంది. కావాలన్నాడు. పెద్దాయన ఇంకా పరుపు మీదే ఉన్నాడు. వ్యాపారం ఆగలేదు. ఆ కుర్చీలో తాను లేకపోతే ఏమవుతుందో ఆయనకి అప్పుడే తెలిసింది. ఏమీ కాదు.

తెల్లచొక్కా నల్లబడేదాకా బావమరిది పరుపులు మోశాడు. చీకటి పడకుండానే లారీ గేటు దాటింది.

"మరి మేడం పనికి రెండో మనిషి ఎవరు?" పెద్దాయన లేచి కూర్చుని ఆఖరి ప్రయత్నం చేశాడు. "ఆ ఒక్కటీ చూసుకోలేదుగా!"

నిజమే. అందరి గురించీ ఆలోచించి తన సంగతి మర్చిపోయింది.

"ఆమె పనేంటి?" అంది అమ్మగారు. "మనిషిని పిలిచి, ఫలానా పని, ఫలానా కారణం అని చెప్పడమేగా? మీరు తప్ప అందరం చేస్తాం." సెలవు కాగితం మీద సంతకం పెట్టేసింది. ఆ కుర్చీలో ఆమె పెట్టిన మొదటి సంతకం అదే.

ఆస్పత్రిలో కట్టు విప్పుతుంటే మేడం మంచానికి ఎదురుగా, కదలకుండా నిలబడింది. మీసాల మనిషి మంచం తోసుకుంటూ వస్తే చేత్తో సైగ చేసి గుమ్మం అవతలే ఆపింది. తల్లి కళ్ళు రెండుసార్లు ఆర్పి, కూతుర్ని తేరిపార చూసింది.

"ఇదేంటే, కళ్ళకింద ఇంత నలుపు? నిద్రపోవట్లేదా?"

"లేదమ్మా. వారమైంది."

"పరుపుల కంపెనీలో పనిచేస్తూనా?"

కూతురు నవ్వింది. నవ్వుతూ తల్లి పక్కనే మంచం మీద ఒరిగి, ఆ నవ్వు పూర్తయ్యేలోపే నిద్రపోయింది. తల్లి ఆ మొహాన్ని రెండు కళ్ళతో, తీరిగ్గా, చూస్తూ కూర్చుంది.

కాబట్టి యజమానులారా, కోటు పెద్దమనుషులారా, బాణాలు తర్వాత గీసుకోండి. ఇవాళే, ఈ పూటే చెయ్యాల్సిన పనుంది. షెడ్డులోకి వెళ్ళండి. పనివాణ్ణి కూర్చోబెట్టి, మీరూ కూర్చుని, మీ వ్యాపారానికి ఏం కావాలో, అతని పని ఇంకొకరికి ఎందుకు నేర్పాలో, నేర్పాక అతనెక్కడ ఉంటాడో కళ్ళలోకి చూసి చెప్పండి. సెలవడిగిన మనిషికి సెలవివ్వండి, దాని మెడకి లారీ కట్టకండి. ఇదంతా ఎందుకు చెయ్యాలంటారా?

ఊరికే.